రోగనిరోధక జన్యువులకూ బైపోలార్ రుగ్మతకూ ఉన్న సంబంధం ఎంత? ఒక కుటుంబం అడిగిన ప్రశ్నకు సమాధానం

మీరు రాసినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ అన్నయ్యకు నిరుడు బైపోలార్ ఒకటో రకం (పూర్తి స్థాయి మేనియా, అంటే అదుపు తప్పిన ఉత్సాహం, వచ్చే రకం) అని నిర్ధారణ అయింది. మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం వాడుతుండగానే రెండోసారి మేనియా రావడంతో, దానికి తోడు కార్బమాజెపిన్ అనే మరో మందు మొదలుపెట్టాలని డాక్టరు ఆలోచిస్తున్నారు. మీ అమ్మగారికి ఆటోఇమ్యూన్ (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే) థైరాయిడ్ జబ్బు, మీకు అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు జబ్బు ఉన్నాయి. మీ కుటుంబంలో రోగనిరోధక శక్తిని నడిపే జన్యువుల్లోనే ఏదో లోపం ఉందా, అన్నయ్య జబ్బుకు అదే మూలమా, అది మీకూ వస్తుందా, ముందే తెలుసుకునే పరీక్ష ఏదైనా ఉందా, ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక చర్య వల్ల కలిగే వాపు) తగ్గించే మందులు అన్నయ్యకు పనిచేస్తాయా అని అడిగారు.

మూడ్ రుగ్మతల చికిత్సలో చాలా ఏళ్లుగా ఉన్న వైద్యుడిగా ముందు సూటిగా చెబుతాను. రోగనిరోధక జన్యువులకు ఇందులో పాత్ర ఉంది, కానీ అది చిన్నది, చాలావరకు పరోక్షమైనది. మీ కుటుంబంలో ‘లోపభూయిష్టమైన జన్యువు’ ఏదో తరాలుగా దిగివస్తోందని అనుకోవలసిన పని లేదు. అయితే మీరు ప్రశ్నల్లో చేర్చకుండా మధ్యలో ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేసిన కార్బమాజెపిన్ సంగతి వీటన్నిటికన్నా ముఖ్యమైనది. రోగనిరోధక జన్యుశాస్త్రం బైపోలార్ రోగికి ఈ రోజున నేరుగా ఉపయోగపడేది అక్కడే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

కార్బమాజెపిన్ మంచి మందే. కానీ కొద్దిమందిలో అది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన ప్రతిచర్యకు దారితీస్తుంది. జ్వరంతో మొదలై, నోటిలోనూ కళ్లలోనూ పుండ్లు పడి, చర్మం బొబ్బలెక్కి పొరలుగా ఊడిపోయే ఈ స్థితి ప్రాణాంతకం కావచ్చు. ఇది ఎవరికి వస్తుందన్నది చాలావరకు హెచ్ఎల్ఏ-బి అనే రోగనిరోధక జన్యువుకు చెందిన ఒక రూపంపై ఆధారపడి ఉంటుందని తైవాన్ పరిశోధకులు 2004లో చూపించారు. వారు పరీక్షించిన 44 మంది బాధితుల్లో 44 మందికీ హెచ్ఎల్ఏ-బి 15:02 అనే రూపం ఉంది. అదే మందును ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నవారిలో అది ఉన్నది సుమారు 3 శాతం మందికే. ఒక జన్యు రూపానికీ ఒక ప్రతిచర్యకూ ఇంత బలమైన ముడి వైద్యశాస్త్రంలో అరుదు. హెచ్ఎల్ఏ-బి తయారుచేసే ప్రొటీను, కణంలోపలి ప్రొటీన్ల ముక్కలను పైకి తెచ్చి టీ-కణాలు అనే రోగనిరోధక కణాలకు చూపిస్తుంది. 15:02 రూపం ఉన్నవారిలో మందు అణువు ఆ ప్రొటీనుకే అతుక్కుని పరాయి వస్తువులా కనిపిస్తుంది, దానితో టీ-కణాలు సొంత చర్మకణాలనే చంపడం మొదలుపెడతాయి.

ఈ రూపం ఐరోపా సంతతివారిలో దాదాపు కనిపించదు. ఆగ్నేయాసియాలో ఎక్కువ, దక్షిణాసియా జనాభాలో సగటున 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువ. అందుకే ఆసియా సంతతివారికి ఈ మందు మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష చేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో హెచ్చరిక జారీ చేసింది. తర్వాత తైవాన్‌లోనే 4,877 మందిని ముందుగా పరీక్షించి, ఈ రూపం ఉన్న 7.7 శాతం మందికి వేరే మందులు ఇచ్చారు. పాత లెక్కల ప్రకారం ఆ సమూహంలో దాదాపు పదిమందికి ఈ ప్రతిచర్య రావలసి ఉండగా ఒక్కరికీ రాలేదు. ఆ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. కాబట్టి మీ అన్నయ్యకు మొదటి మాత్ర ఇచ్చేలోపే ఈ పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఒకసారి రక్తం ఇస్తే చాలు, ఫలితం జీవితాంతం మారదు. పరీక్షలో ఆ రూపం లేదని తేలినా ప్రమాదం పూర్తిగా తొలగిపోదు. హెచ్ఎల్ఏ-ఎ 31:01 వంటి ఇతర రూపాలతోనూ చర్మ ప్రతిచర్యలు వస్తాయి. అందువల్ల మొదటి రెండు మూడు నెలల్లో జ్వరంతో పాటు దద్దురు గానీ, నోటిలో పుండ్లు గానీ కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి దగ్గరి మందైన ఆక్స్‌కార్బజెపిన్‌కు మారినా ఇదే జాగ్రత్త అవసరం.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. హెచ్ఎల్ఏ-బి ఉన్న చోటు ఆరో క్రోమోజోముపై ఎంహెచ్‌సీ అనే ప్రాంతం. సొంతానికీ పరాయికీ తేడా పట్టే జన్యువులు చాలావరకు అక్కడే గుంపుగా ఉంటాయి. ఆ ప్రాంతానికి ఒక విచిత్రమైన లక్షణం ఉంది: అక్కడి వందలాది జన్యువులు విడివిడిగా కాకుండా పెద్ద పెద్ద కట్టలుగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు చేరతాయి. అందువల్ల ఒక జబ్బుకు ఆ ప్రాంతంతో సంబంధం ఉందని తేలినా, ఏ జన్యువు వల్ల అన్నది చెప్పడం చాలా కష్టం. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ‘రోగనిరోధక జన్యువులే బైపోలార్‌కు కారణం’ అని మీరు చదివిన వాక్యం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఎంహెచ్‌సీలో సంకేతం కనిపించిందంటే అది రోగనిరోధక సంకేతమే అయి ఉండాలని తొందరపడి నిర్ణయించేస్తారు, కానీ ఆ కట్టలో రోగనిరోధక శక్తితో సంబంధం లేని జన్యువులు కూడా చాలానే ఉన్నాయి.

అంతర్జాతీయ సైకియాట్రిక్ జీనోమిక్స్ కన్సార్టియం 2021లో 41,917 మంది బైపోలార్ రోగుల జన్యుపటాలను, జబ్బు లేని 3,71,549 మంది జన్యుపటాలతో పోల్చి, ముప్పుతో ముడిపడిన 64 స్థానాలను గుర్తించింది. వాటిలో ఎంహెచ్‌సీ కూడా ఒకటి. స్కిజోఫ్రీనియా విషయంలో ఈ ప్రాంతం నుంచి వచ్చే సంకేతంలో కొంత భాగం సి4 అనే జన్యువుదని (ఇది కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రొటీన్ల వ్యవస్థకు చెందినది) 2016లో తేలింది. సి4 ఎక్కువగా తయారయ్యేవారిలో, ఎదిగే వయసు మెదడులో మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు నాడీకణాల మధ్య సంధులైన సినాప్సులను అవసరానికి మించి కత్తిరించేస్తున్నాయన్న ఊహకు అది బలమిచ్చింది. బైపోలార్‌లో కూడా అదే కనిపిస్తుందని చాలామంది ఎదురుచూశారు. కానీ 2021 విశ్లేషణలో ఆ ప్రాంతపు ప్రధాన సంకేతం సి4 దగ్గర గానీ, పేరున్న హెచ్ఎల్ఏ రూపాల దగ్గర గానీ నిలవలేదు. నా దృష్టిలో ఇది చాలా విలువైన ఫలితం, ఎందుకంటే రెండు జబ్బులకూ ఉమ్మడి జన్యు ముప్పు ఎంతో ఉన్నా, రోగనిరోధక మార్గంలో అవి ఒకటి కావని అది చూపిస్తోంది.

మిగతా స్థానాల్లో అత్యధిక భాగం మెదడుకు సంబంధించినవే. నాడీకణాల్లోకి కాల్షియం ప్రవేశించే ద్వారాలు, సినాప్సుల్లో సంకేతాలను మోసే ప్రొటీన్లు, మెదడులో ప్రీఫ్రంటల్ కార్టెక్స్, హిప్పోక్యాంపస్ అనే భాగాల కణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. 1,58,036 మంది రోగులతో 2025లో వెలువడిన మరింత పెద్ద అధ్యయనం 298 స్థానాలను గుర్తించింది. అందులో నాడీకణాలతో పాటు పేగులకూ క్లోమగ్రంథికీ చెందిన కొన్ని కణాలు కూడా కనిపించాయి. మీకు పేగు జబ్బు ఉంది కాబట్టి ఈ వాక్యం మిమ్మల్ని కలవరపెట్టవచ్చు. అవి ప్రధానంగా హార్మోన్లను విడుదల చేసే కణాలు. కొలైటిస్‌లో పేగు గోడపై దాడి చేసే రోగనిరోధక కణాలు కావు. అరుదైన మార్పుల కోసం వెతికిన 2022 అధ్యయనంలో ముందుకొచ్చిన ఏకేఏపీ11 అనే జన్యువు జీఎస్‌కే3 అనే ఎంజైముతో కలిసి పనిచేస్తుంది. లిథియం అణచివేసే ఎంజైములలో అదొకటి. ఈ జబ్బుకు జన్యుపరమైన కేంద్రం నాడీకణమేనని నేను అనుకోవడానికి ఇలాంటి ఆధారాలే కారణం.

అయితే కథ అక్కడితో ముగిసిపోదు. లిథియంకు ఎవరు బాగా స్పందిస్తారన్న విషయాన్ని 2,586 మంది రోగుల్లో పరిశీలించిన అంతర్జాతీయ బృందం 2018లో రెండు సంగతులు చెప్పింది. స్కిజోఫ్రీనియాకు సంబంధించిన జన్యు ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో లిథియం ఫలితం తక్కువగా ఉంది. స్కిజోఫ్రీనియా ముప్పుకూ లిథియం స్పందనకూ ఉమ్మడిగా ఉన్న జన్యువుల్లో హెచ్ఎల్ఏ ప్రాంతమూ, టీఎన్ఎఫ్ వంటి ఇన్‌ఫ్లమేషన్ సంకేతాల మార్గాలూ కనిపించాయి. అంటే జబ్బు రావడంలో కన్నా, వచ్చిన జబ్బు ఏ మందుకు లొంగుతుందన్న విషయంలో రోగనిరోధక జన్యువుల పాత్ర ఎక్కువ కావచ్చు. ఒక రోగికి లిథియం మార్చాలా వద్దా అని నిర్ణయించే స్థాయికి ఈ పరిజ్ఞానం ఇంకా రాలేదు. మీ అన్నయ్య విషయంలో రక్తంలో లిథియం మోతాదు సరిపోయిందా, మాత్రలు క్రమంగా పడ్డాయా, నిద్ర చెడిందా అన్నవే ముందు చూడవలసినవి.

ఒకే ఇంట్లో ఆటోఇమ్యూన్ జబ్బులూ బైపోలార్ కలిసి కనిపించడం కేవలం యాదృచ్ఛికం కాదేమో అన్న మీ అనుమానం నిరాధారమైనది కాదు. డెన్మార్క్‌లో 35 లక్షల మందికి పైగా ప్రజల ఆరోగ్య రికార్డులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటోఇమ్యూన్ జబ్బుతో ఆసుపత్రికి వెళ్లినవారికి ఆ తర్వాత మూడ్ రుగ్మత వచ్చే అవకాశం 45 శాతం, ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరినవారికి 62 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఆ లెక్కలో డిప్రెషనే అధిక భాగం అని గుర్తుంచుకోవాలి. అంతేకాక తక్కువగా ఉన్న ముప్పు 45 శాతం పెరిగినా అది తక్కువగానే ఉంటుంది. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ జబ్బు, సీలియాక్ జబ్బులకు బైపోలార్‌తో స్వల్పమైన జన్యు సారూప్యం ఉన్నట్లు కూడా పరిశోధనలు చూపాయి.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఆధారం నెదర్లాండ్స్ నుంచి వచ్చిన కవలల అధ్యయనాలు. ఆ పరిశోధకులు 2007లో థైరాయిడ్‌పై పనిచేసే యాంటీబాడీలను లెక్కించారు. బైపోలార్ ఉన్న కవలల్లోనే కాక, జబ్బు లేని ఏకరూప (జన్యువులు ఒకటే అయిన) కవల సోదరుల్లో, సోదరీమణుల్లో కూడా అవి దాదాపు అంతే తరచుగా కనిపించాయి. భిన్నరూప (జన్యువుల్లో సుమారు సగమే పంచుకునే) కవలల్లో జబ్బు లేనివారిలో మాత్రం మామూలు జనాభాకు దగ్గరగా ఉన్నాయి. అంటే ఈ రెండింటికీ కొంత ఉమ్మడి జన్యు నేపథ్యం ఉందన్నమాట. ఇదే పరిశోధనలో భాగంగా 2009లో రక్తంలోని మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో ఇన్‌ఫ్లమేషన్ జన్యువుల చురుకుదనాన్ని పరిశీలించినప్పుడు ఫలితం తారుమారైంది. బైపోలార్ రోగుల్లో ఆ చురుకుదనం ఎక్కువగానే ఉంది, కానీ దానికీ జబ్బుకూ ఉన్న ముడిని జన్యువుల కన్నా కవలలు పంచుకున్న పరిసరాలే ఎక్కువగా వివరించాయి. రోగనిరోధక వ్యవస్థలో కనిపించే ప్రతి తేడానూ ‘జన్యువుల వల్లే’ అని ఎందుకు అనకూడదో ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

మీ అన్నయ్య రక్తపరీక్షలో సీఆర్పీ అనే ఇన్‌ఫ్లమేషన్ సూచిక ఎక్కువగా ఉందని రాశారు కదా, దాన్ని కూడా ఈ వెలుగులోనే చూడండి. మేనియా సమయంలో సీఆర్పీ, ఐఎల్-6, టీఎన్ఎఫ్ వంటి ఇన్‌ఫ్లమేషన్ సూచికలు పెరగడం చాలా అధ్యయనాల్లో కనిపించింది, మూడ్ కుదుటపడ్డాక కొంత తగ్గడమూ కనిపించింది. బరువు పెరగడం, పొగతాగడం, రోజుల తరబడి నిద్ర లేకపోవడం కూడా ఇవే సూచికలను పెంచుతాయి, మేనియాతో ఆసుపత్రికి వచ్చిన మనిషిలో ఇవి తరచుగా ఉంటాయి. కాబట్టి ఆ ఒక్క సంఖ్యను బట్టి జబ్బు కారణాన్ని చదవలేము. అయితే కారణం ముందు, ఫలితం తర్వాత అన్న క్రమాన్ని కొంతవరకు చూపే అధ్యయనాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంతంలో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన బృందంలో, తొమ్మిదేళ్ల వయసులో ఐఎల్-6 ఎక్కువగా ఉన్నవారిలో 22 ఏళ్లకు హైపోమేనియా (తేలికపాటి మేనియా) లక్షణాలు కొంత ఎక్కువగా కనిపించాయి. ఉత్తర కాలిఫోర్నియాలో 1959 నుంచి 1966 వరకు పుట్టినవారిని పరిశీలించిన అధ్యయనంలో, గర్భిణిగా ఉండగా తల్లికి ఇన్‌ఫ్లుయెంజా వచ్చినట్లయితే బిడ్డకు బైపోలార్ వచ్చే అవకాశం దాదాపు నాలుగింతలు ఉన్నట్లు లెక్క తేలింది. అందులో బైపోలార్ ఉన్నవారు 92 మందే కాబట్టి ఆ ‘నాలుగింతలు’ అన్న మాటను నేను గట్టి సంఖ్యగా తీసుకోను. గర్భిణులకు ఫ్లూ టీకా మంచిదని చెప్పడానికి వేరే కారణాలే చాలినన్ని ఉన్నాయి.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందులు పనిచేస్తాయా అన్న ప్రశ్నకు, ఇప్పటివరకు జరిగిన పెద్ద ప్రయత్నాలు నిరాశపరిచాయనే చెప్పాలి. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను, ఇన్‌ఫ్లమేషన్ లక్షణాలున్న 60 మంది బైపోలార్ డిప్రెషన్ రోగుల్లో 12 వారాల పాటు పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద అది ఉత్తుత్తి మందు కన్నా మెరుగ్గా పనిచేయలేదు. బాల్యంలో శారీరక హింసకు గురైనవారిలో మాత్రం కొంత మేలు కనిపించింది. పాకిస్తాన్‌లో 266 మందిపై మినోసైక్లిన్, సెలెకాక్సిబ్ మందులను పరీక్షించిన 2020 అధ్యయనంలో రెండూ ఫలితం ఇవ్వలేదు. అందువల్ల పరిశోధన పరిధి దాటి ఈ మందులను నేను ఎవరికీ రాయను. ఇంకో హెచ్చరిక కూడా ఉంది, దీన్ని దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాల ద్వారా లిథియం బయటికి పోవడాన్ని తగ్గిస్తాయి, రక్తంలో లిథియం విషస్థాయికి చేరవచ్చు. ‘ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుంది కదా’ అని మంచి ఉద్దేశంతో ఇచ్చిన మాత్రే చేతులు వణకడానికీ, నడక తూలడానికీ, మగతకూ దారితీస్తుంది. లిథియం వాడుతున్న మనిషికి తలనొప్పో జ్వరమో వస్తే పారాసెటమాల్ సురక్షితం. అమ్మగారి థైరాయిడ్ చరిత్ర దృష్ట్యా మీ అన్నయ్యకు థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ పరీక్షను ఆరు నెలలకు ఒకసారి తప్పక చేయించండి, ఎందుకంటే లిథియం కూడా థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది, ఆ మందకొడితనం అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది.

మీ సొంత ముప్పు గురించి అడిగారు. బైపోలార్‌లో వంశపారంపర్యత 60 నుంచి 80 శాతం అని చదివి భయపడినట్లు రాశారు. ఆ శాతం మీకు జబ్బు వచ్చే అవకాశం కాదు. ఒక జనాభాలో మనుషుల మధ్య కనిపించే తేడాలో ఎంత భాగాన్ని జన్యువులు వివరిస్తాయో చెప్పే లెక్క మాత్రమే అది. తోబుట్టువుకు బైపోలార్ ఉన్నవారిలో ఆ జబ్బు వచ్చేది నూటికి 5 నుంచి 10 మందికి. అంటే మామూలు జనాభా కన్నా చాలా ఎక్కువే, అయినా 90 మందికి పైగా అది రాదు. ముందే తెలుసుకునే పరీక్ష మాత్రం లేదు. వేల జన్యు తేడాలను కూడి లెక్కగట్టే పాలిజెనిక్ స్కోరు, 2021 లెక్కల ప్రకారం ఐరోపా సంతతివారిలో కూడా ముప్పులో 5 శాతం లోపు తేడానే వివరించగలిగింది; ఇతర సంతతులవారిలో దాని పనితనం ఇంకా తక్కువ. హెచ్ఎల్ఏ పరీక్ష కూడా మందు భద్రత కోసమే తప్ప జబ్బు రాక గురించి ఏమీ చెప్పదు. జన్యు పరీక్షతో బైపోలార్ ముప్పు చెబుతామనే ప్రకటనలకు డబ్బు పెట్టకండి.

మీ విషయంలో నేను నిజంగా శ్రద్ధ పెట్టమని కోరేది స్టెరాయిడ్ల గురించి. కొలైటిస్ తిరగబెట్టినప్పుడు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, ఎక్కువ మోతాదులో ఆ మందు ఎవరిలోనైనా మేనియాను రేపగలదు. 1972లో బోస్టన్ పరిశోధకులు ప్రచురించిన లెక్కల ప్రకారం, రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు తీసుకున్నవారిలో మానసిక ప్రతిచర్యలు 1.3 శాతం మందికి రాగా, 80 మిల్లీగ్రాములు దాటినవారిలో 18.4 శాతం మందికి వచ్చాయి. మీ పేగు వైద్యుడికి అన్నయ్య జబ్బు సంగతి ముందే చెప్పి ఉంచండి. మోతాదును గానీ, పేగులోనే ఎక్కువగా పనిచేసే బ్యూడెసొనైడ్ వంటి ప్రత్యామ్నాయాన్ని గానీ ఎంచుకునేటప్పుడు అది ఆయనకు ఉపయోగపడుతుంది. స్టెరాయిడ్ మొదలైన మొదటి రెండు వారాల్లో మీ నిద్రను ఇంట్లో ఒకరిని గమనించమనండి, ఎందుకంటే మార్పు మీకన్నా ముందు వారికే కనిపిస్తుంది. నాలుగు గంటలే నిద్రపోయినా అలసట లేకపోవడం, మాట వేగం పెరగడం, చికాకు, ఒకేసారి పది పనులు మొదలుపెట్టడం వరుసగా రెండు రోజులు కనిపిస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి. కొన్ని వారాలుగా స్టెరాయిడ్ వాడుతున్న శరీరంలో అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుని ఉంటాయి, మందును ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి అది వేరే అత్యవసర స్థితికి దారితీస్తుంది.